మంగళవారపు కమ్మలు

నేలిదా తన గదిలోని దివాన్ మంచం తలవైపు దిండు మీది గుడ్డ తీసేసి ఉతికిన గుడ్డ పరిచింది. పదకొండు గంటలకు వచ్చిన మనిషి తల ఒత్తిన గుంట ఇంకా దిండులో ఉంది. అరచేత్తో తట్టి సరిచేసింది. బ్యూనస్ ఎయిర్స్‌లో, లిఫ్టు మొరాయించే ఆ మూడో అంతస్తులో, ఇరవై ఆరేళ్లుగా మనసు డాక్టరుగా ఆమె పని ఇదే. గుడ్డ మార్చడం, పడుకున్నవాళ్ల తల వెనక కూర్చుని వాళ్ల మనసులో మాట వినడం. అరవై దాటింది. మోకాళ్లు వాచాయి. పుస్తకం రాయలేదు, సభలో మాట్లాడలేదు.

అద్దంలో చెవులకు పచ్చరాళ్ల కమ్మలు కనిపించాయి. ఇవాళ మంగళవారం. నాలుగింటికి అనీబల్ వస్తాడు. పోయిన మంగళవారమూ ఇవే. మిగతా రోజుల్లో చెవులు బోడిగా ఉంటాయి.

ఎవరి కోసం పెట్టుకుంటోందో ఆమెకు అప్పుడే తెలిసింది.

అనీబల్ సిటీ బస్సు డ్రైవరు. యాభై ఏళ్లు, మందపాటి మెడ, భార్య పోయినవాడు. పోయిన వారం దివాన్ మీద పడుకుని, పైకప్పు చూస్తూ, "నిన్ను ప్రేమిస్తున్నా, నేలిదా" అన్నాడు. వెళ్లేటప్పుడు ఆమె తలుపు దగ్గర చెయ్యి చాపింది. ఆ ఊళ్లో డాక్టరైనా, మాంసం కొట్టువాడైనా చెంపకు చెంప ఆనించి ముద్దుతోనే సాగనంపుతారు. మూడేళ్లు ఆమే అలా పంపింది. ఇప్పుడు చెయ్యి చాపడమంటే మొహాన తలుపెయ్యడమే. అతను ఆ చేతిని తాకకుండా మెట్లు దిగిపోయాడు.

మధ్యాహ్నం గురువు హాకోబోకు ఫోన్ చేసి కమ్మల సంగతితో సహా చెప్పింది. ఎనభై నాలుగేళ్ల ముసలాయన.

"అతన్ని వేరే డాక్టరు దగ్గరికి పంపేస్తానండి."

"ప్రమాదం వాడికా, నీకా?"

ఆమె చెయ్యి చెవి కమ్మ మీదికి పోయింది.

"ఈ వయసులో సింగారం. సంతోషమే, అమ్మాయ్. ఆ ఇష్టాన్ని నీ నుంచి నువ్వే దాచుకోకు, వాడి నెత్తిన పెట్టకు. గెంటేశావా, ప్రేమించినందుకు శిక్ష పడిందనుకుంటాడు."

నాలుగింటికి ముందు కమ్మలు తీసి తలుపు పక్క సాసరులో వేసింది.

అనీబల్ వచ్చాడు. పడుకోలేదు, దివాన్ అంచున కూర్చున్నాడు.

"ఇదే ఆఖరు. అవునో కాదో చెప్పు, పోతా."

"పోయిన వారం భయపడి చెయ్యి చాపాను. ఆ భయం నాది. తప్పు నీది కాదు."

"అంటే అవుననా?"

"కాదు. మన మధ్య అది జరగదు, ఇక్కడా బయటా, ఎప్పటికీ. అందుకే ఇక్కడ ఏదైనా చెప్పొచ్చు. పడుకో. ఆ ప్రేమ ఎలా ఉందో చెప్పు."

"సిగ్గులేదా నీకు?"

"ఇరవై ఆరేళ్ల నుంచీ లేదు."

అతనికి నవ్వొచ్చింది. పడుకున్నాడు. ఆమె గొంతు గురించి చెప్పాడు, చేతుల గురించి చెప్పాడు. చెబుతూ చెబుతూ, ఆస్పత్రిలో చచ్చిపోతున్న భార్యను ముద్దుపెట్టుకోవడానికి భయపడి, పాదాలు తాకి వచ్చేసిన రోజు దగ్గర ఆగాడు. పదకొండేళ్లుగా ఎవరికీ చెప్పనిది. భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు.

కొండలెక్కినవాళ్లకు విగ్రహాలు పెడతారు. ఒకడి ప్రేమను కాజేయకుండా, విసిరికొట్టకుండా, తన మనసూ అటే లాగుతున్నా యాభై నిమిషాలు కదలకుండా కూర్చున్న మనిషికి ఎవడూ పెట్టడు. ఒకసారి ఆ కుర్చీలో కూర్చుని చూడండి.

తలుపు దగ్గర ఆమె చెంప ఆనించింది. అతనూ ఆనించాడు.

"మంగళవారం?"

"నాలుగింటికి."

అతని అడుగుల చప్పుడు మెట్ల కింద ఆగిపోయాకే మళ్లీ కమ్మలు పెట్టుకుంది. ప్రతి మంగళవారమూ అంతే. ఆ ఏడే అనీబల్ తన భార్య సమాధి దగ్గరికి మొదటిసారి వెళ్లొచ్చాడు. రెండేళ్ల తర్వాత, చలికాలంలో, ఒక మంగళవారం నాలుగింటికి పది నిమిషాలుండగా నేలిదా కుర్చీలోనే పోయింది. దిండు మీద ఉతికిన గుడ్డ పరిచే ఉంది. తలుపు పక్క సాసరులో పచ్చరాళ్ల కమ్మలు రెండూ.