ఏడు సువ్వీలు

నేను ఒక రోకలిని. ఒళ్లు సండ్ర మాను చేవ, కొసన ఇనప పొన్ను. కొండవార ఊళ్లో ఒక వడ్రంగి నన్ను చిత్రిక పట్టి తవిటమ్మ అత్తగారికి ఇచ్చాడు. ఆమె తరవాత తవిటమ్మ చేతికి వచ్చాను. దంచడమే నా పనని అందరూ అనుకునేవారు. పాటకు దరువు వెయ్యడమూ నా పనేనని ఒక్కరికీ తోచలేదు.

తవిటమ్మ కోడలు దమయంతి చదువుకున్న పిల్ల. అత్తతోనే పాటలు పోతాయని దిగులుపడి, ఆమె దంచుతూ పాడుతుంటే పక్కన కూర్చుని నోటుపుస్తకంలో రాసుకుంది. చేదుదుంప వండే పాటలో 'నీరొంపు', అంటే ఉడికిన నీళ్లు వార్చెయ్యి, అన్నాక వరసగా సువ్వీ, సువ్వీ అని వస్తుంది. అర్థం లేని ఊతపదమే కదా అని ఒక్క సువ్వీ ఉంచి మిగతావి వదిలేసింది. అక్షరం వచ్చినవాళ్లకు కాగితం మీద పొదుపు ఎక్కువ.

తరవాత ఊళ్లోకి మిల్లు వచ్చింది. నన్ను మేకల దొడ్డి తలుపుకు గడియగా పెట్టారు. మేకలకు నా పాండిత్యంతో పనిలేదు.

ఒక సంవత్సరం తుఫానుకు దారి తెగిపోయింది. ఐదో రోజుకు ఇంట్లో గింజ లేదు. దమయంతి కొండమీద చేదుదుంపలు తవ్వి తెచ్చి, పుస్తకం చూసి ఒక్కసారి ఉడికించి నీళ్లు వార్చింది. తన బిడ్డకు పెట్టబోతూ కాస్త నోట్లో వేసుకుంది. గొంతు భగ్గుమంది. పళ్లెం లాగేసి, ఏడుస్తున్న బిడ్డను చంకనేసుకుని అత్త దగ్గరికి పరుగెత్తింది.

"అత్తా, ఎన్నిసార్లు నీరొంపాల?"

తవిటమ్మ తెల్లబోయింది. "ఎన్నంటే నానేటి సెప్పగల్నమ్మీ? పాటలో ఎన్నుంటే అన్ని."

"అయితే పాడత్తా!"

ముసలామె నోరు తెరిచింది. పాట రాలేదు. "సేతిలో రోకలి నేకుండా పాటెలా వస్తాదే?"

దమయంతి నన్ను దొడ్డి తలుపు నుంచి పీకి అత్త చేతిలో పెట్టింది. మేకలు ఊరిమీద పడ్డాయి. నేను వట్టి రోట్లో పడ్డాను. చేతులు లేచేసరికి తవిటమ్మ గొంతూ లేచింది. 'నీరొంపు' దగ్గర దెబ్బకొక సువ్వీ. దమయంతి వేళ్లు మడిచింది. ఏడు.

ఏడుసార్లు ఉడికించి వార్చేసరికి పొద్దు వాలింది. బిడ్డ కడుపునిండా తిని నిద్రపోయాడు. అంత సంతోషం నేనెరగను.

తవిటమ్మ ఇప్పుడు లేదు. పుస్తకంలో ఏడు సువ్వీలూ చేరాయి. అయినా దుంపలు తెచ్చిన రోజున దమయంతి దాన్ని తెరవదు. నన్ను అందుకుంటుంది. వీధిలోవాళ్లు నవ్వుతారు.

"వట్టి రోలు దంపుతన్నావేటే?"

"మా అత్తని అడుగుతన్నాను, ఎన్ని నీళ్లని."

ఆ జవాబు నేనే చెబుతాను, ఏడుసార్లు.