గంగాధరం సర్దిన తాళం

జయచంద్ర భాగవతార్‌కు తాళం నిలవదన్న సంగతి చిత్తూరు జిల్లా మొత్తం మీద ఒక్క గంగాధరానికే తెలుసు. తెలియకపోయి ఉంటే ఆయన బతుకు ఇంకాస్త సుఖంగా ఉండేది.

తిరుపతి బస్టాండు దగ్గర కేసెట్ల అంగళ్ళలో ఎప్పుడూ జయచంద్ర హరికథలే మోగేవి. తొంభై తొమ్మిదిలో కార్వేటినగరంలో పద్దెనిమిది రోజుల భారతం పెట్టినప్పుడు మధ్యాహ్నం కథకు ఆయన్నే పిలిపించారు. గుడి ముందు ఆయన నిలువెత్తు బొమ్మతో బ్యానరు కట్టారు. మృదంగం గంగాధరం పేరు అట్టడుగున, బ్యానరు మడత పడేచోట ఉంది.

పన్నెండేళ్ళుగా జరుగుతున్నది ఇది. పాట పల్లవికి తిరిగొచ్చేచోట జయచంద్ర ఒక దెబ్బ ముందే ఎత్తుకుంటాడు. గంగాధరం గుట్టుచప్పుడు కాకుండా మృదంగం మీద ఆ దెబ్బ మింగేసి ఆయన్ని కలుపుకుంటాడు. జనం తలలూపుతారు, శాలువా జయచంద్ర భుజాల మీద పడుతుంది.

అభిమన్యుడి కథ రోజు పొద్దున టీ అంగడిలో ఎవరో అననే అన్నారు. "మృదంగం ఎవురు వాయిస్తే ఏముండాదిలేబ్బా, కథంతా ఆయప్పదే గదా."

గంగాధరం టీ సగంలోనే వదిలేసి లేచాడు. ఈ రోజు సర్దేది లేదు, పడితే పడనీ అనుకున్నాడు. ఈ మనిషి బండారం జనానికి తెలిస్తే చాలు, రేపటి నుంచి మృదంగం అటకెక్కించినా ఫర్వాలేదు.

మధ్యాహ్నం పల్లవి దగ్గర జయచంద్ర ఎప్పటిలాగే ముందే ఎత్తుకున్నాడు. గంగాధరం లెక్క ప్రకారమే వాయించుకుంటూ పోయాడు. పాట ఒక దారి, మృదంగం ఒక దారి అయ్యాయి. జయచంద్ర తడబడ్డాడు, గొంతు ఆగిపోయింది. గంగాధరం వైపు ఒక్కసారి చూసి, చేతిలోని చిడతలు కింద పెట్టేశాడు.

ఆ తర్వాత పాట లేదు, తాళమూ లేదు. కొడుకు శవం ముందు సుభద్ర ఏమందో మామూలు మాటల్లో, మన పక్కింటి ఆడమనిషి చెప్పుకున్నట్టు చెప్పాడు. ముందు వరసల్లో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గంగాధరం చేతులకు పనిలేదు. కాసేపటికి తన కళ్ళే తడిశాయని తెలిసి ఆయనకు ఎక్కడలేని సిగ్గు ముంచుకొచ్చింది. ఈ విద్య తనకు ఏ జన్మకూ రాదు.

కథ ముగిశాక జయచంద్ర శాలువా అయినా తీయకుండా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఈపొద్దు నన్ను పట్టుకోలేదే అన్నా."

"రోజూ పట్టుకుంటా ఉండానని నీకు తెలుసునా?"

"తెలీకుండా యాడికి పోతాది? నువ్వు ఉండావనే ధైర్యంతోనే తాళం మరిచిపోయి జనాల మొగాలు సూస్తా కథ చెప్తాను. నువ్వు వస్తేనే వస్తానని ప్రతి ఊర్లోనూ చెప్పేది అందుకే."

"మరి నేర్చుకోవచ్చు గదప్పా."

"బ్యానర్ల మీద బొమ్మ వేసినాక తాళం రాదని ఎవుర్ని అడిగేదన్నా? సిగ్గైపాయె."

గంగాధరానికి కోపం ఇంకా ఉంది, కానీ అది ఈ మనిషి మీద నిలవడం లేదు. మృదంగానికి గుడ్డ చుట్టి లేచాడు.

"రేపు తెల్లారే రా. చిడతలు తేవద్దు, ఉత్త చేతుల్తో రా."

మర్నాడు పొద్దున్నే గుడి ముందు కళ్ళాపి చల్లుతున్న ఆడవాళ్ళు వింత చూశారు. బ్యానరు మీది మనిషి బాసిపట్టు వేసుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు. ఎదురుగా కూర్చున్న గంగాధరం "తప్పు, మళ్ళా" అంటున్నాడు. ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. జయచంద్ర ఒక్కసారీ విసుక్కోలేదు.

మధ్యాహ్నం కథలో పల్లవి దగ్గరికి వచ్చేసరికి గంగాధరం వేళ్ళు అలవాటు కొద్దీ దెబ్బ మింగడానికి సిద్ధమయ్యాయి. మింగాల్సిన పని పడలేదు.