ఎంతదాకా ఇవ్వగలరు?

"మీ భార్యకు పెద్ద జబ్బు చేస్తే మందుకి ఎంతదాకా ఖర్చుపెడతారు?"

ఉతికిన బట్టలు మడతపెడుతూ ఆమె మొగుణ్ణి అడిగింది. దెప్పడానికి అడగలేదు. మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి అడగాల్సిన ప్రశ్నలవి. నోరు తిరగడానికి ఎదురుగా ఉన్న మనిషి మీద ప్రయోగించింది, అంతే.

అతను ఫోన్లోంచి తలెత్తలేదు. "ముందు జబ్బేంటో చెప్పు. అన్నిటికీ ఖరీదైన మందే వాడాలని ఎక్కడుంది? చౌకలో ఏదో ఒకటి చూస్తాం."

"మీకే వస్తే?"

"నేను పడిపోతే ఇల్లు నడిచేదెలా? అప్పో సప్పో చేసి తెచ్చుకోవాల్సిందే."

గుమ్మం దగ్గర కూర్చున్న అత్తగారు కలగజేసుకుంది. "ఆడవాళ్ల ఒళ్లు మొండిదిలే. తట్టుకుంటుంది."

ముగ్గురూ నవ్వారు. ఆమె నవ్వు అందరికంటే ముందు ఆగిపోయింది. మడత పూర్తయిన చొక్కా మీద నుంచి చెయ్యి తీయడం మాత్రం కాసేపు మర్చిపోయింది.

ఉద్యోగం ఏమంత గొప్పది కాదు. ఊపిరితిత్తుల్ని కొంచెం కొంచెంగా తినేసే జబ్బుకి ఒక పెద్ద కంపెనీ కొత్త మందు కనిపెట్టింది. డబ్బున్న దేశాల్లో అమ్ముతోంది, ఇక్కడ ఇంకా అమ్మడం లేదు. అమ్మేముందు, ఆ జబ్బున్న ఇళ్లకి వెళ్లి జనం ఎంత ఇచ్చుకోగలరో కనుక్కురావాలి. కంపెనీ సంగతి ఎత్తకూడదు, జవాబు మనం అందించకూడదు, ఇవీ షరతులు. అయినా ఆమెకి ఆ ఉద్యోగమంటే ప్రాణం. పగలు కాసేపైనా ఇంటి గోడలు దాటుతుంది, ఎవరో ఒకరు "కూర్చోండి మేడమ్" అని కుర్చీ లాగుతారు. ఇంట్లో ఆమెకి కుర్చీ లాగినవాళ్లు లేరు. పొద్దున్నే వంట ముగించి, అత్తగారి మోకాళ్లకి నూనె రాసి, పిల్లల సంచులు సర్ది బయటపడేది. సాయంత్రం వచ్చేసరికి గిన్నెలన్నీ ఆమె కోసమే ఎదురుచూస్తూ ఉండేవి. ఒళ్లు నొప్పులంటే "నీకలవాటేగా" అనేవాడు మొగుడు. "నువ్వైతే చకచకా చేసేస్తావమ్మా" అనేది అత్తగారు. అందులో మెచ్చుకోలు ఎంతో, తప్పించుకోవడం ఎంతో విడదీసి చూసే ఓపిక ఆమెకి ఏనాడో పోయింది.

ఇళ్లు తిరుగుతుంటే ఒక సంగతి కనిపెట్టింది. జబ్బు భార్యదైతే మొగుడు పైకప్పు కేసి చూసి లెక్క వేసుకునేవాడు. జబ్బు మొగుడిదైతే భార్య చెయ్యి దానంతటదే చెవి కమ్మల మీదికి పోయేది. జబ్బు పిల్లలదైతే తల్లులు ప్రశ్న పూర్తికానిచ్చేవాళ్లే కాదు. "ఎంతైనా సరే, రాసుకోండి." ఎంతైనా అంటే, జవాబులు ఎక్కించమని వాళ్లిచ్చిన ఫోన్లో నొక్కడానికి గడి లేదు. అన్నిటికంటే పైన ఉన్న అంకె నొక్కేది.

సగం పని అయ్యాక కంపెనీ నుంచి ఒక అధికారి వచ్చి సర్వే వాళ్లందర్నీ సమావేశపరిచాడు. మర్యాదస్తుడు. అందరికీ టీ ఇప్పించాడు. తెర మీద గీతలు చూపిస్తూ, "చూశారా, ధర పెంచుతూ పోయినా తల్లుల గీత దిగడమే లేదు. పిల్లల విషయంలో వాళ్లు ధర చూడరు. మనం ధైర్యంగా ఈ పై ధరకే వెళ్లొచ్చు" అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. "సర్, ఆ మందు తయారు చెయ్యడానికి ఎంతవుతుంది?"

"అది మన ప్రశ్నల్లో లేదు కదమ్మా." నవ్వాడు. తర్వాత కాస్త మెత్తబడ్డాడు. "పరిశోధనకి ఏళ్లు పడతాయి. లాభం లేకపోతే రేపటి మందులు ఎవరు కనిపెడతారు చెప్పండి? ఇక్కడివాళ్లు కొనలేరని తేలితే అసలు పంపకుండా కూడా ఉండొచ్చు."

అందులోనూ నిజం లేకపోలేదనిపించి కూర్చుండిపోయింది. బస్సులో మాత్రం కుదురు లేదు. ఏళ్ల పరిశోధనకి ఖర్చయింది, సరే. మరి ఆ ఖర్చు చెప్పి అడగొచ్చుగా? తల్లి గుండె ఎంత వంగుతుందో కొలవడమెందుకు? ఎవరు ఎంత మోయగలరో చూసి అంతా వాళ్ల నెత్తిన పెట్టడం. ఈ పద్ధతి తనకి కొత్తేమీ కాదు. పెళ్లయిన దగ్గర్నుంచీ తన వాటా పని ఇలాగే తేల్చారు. ఇన్నాళ్లూ అది ఇంటి సంగతనుకుంది. ఇప్పుడు ఇంకో తల్లి ముందు ఆ కొలత పట్టుకు నిలబడుతున్నది తనే.

మర్నాడు వెళ్లిన మొదటి ఇల్లు బట్టలు కుట్టే ఆవిడది. ఒకటే గది. మంచం మీద పదేళ్ల పిల్ల దిళ్లకి ఆనుకుని, ప్రతి శ్వాసనీ మెట్టెక్కినట్టు తీస్తోంది. ఆవిడ మిషను ఆపి, ప్రశ్న వినీ వినకుండానే అంది.

"ఎంత చెబితే మా పిల్లకి వస్తుందమ్మా? ఈ మిషను కూడా అమ్మేస్తా, రాసుకో."

ఆమె వేలు పై గడి దాకా వెళ్లింది. వెళ్లి ఆగింది.

"అక్కా, ఒక్క మాట. ఇది మందిచ్చే సర్వే కాదు. మందు అమ్మే కంపెనీ అడిగిస్తోంది. మీరంతా ఎంతకి ఒప్పుకుంటారో చూసి ధర పెడతారు. పైది చెబితే ధర అక్కడుంటుంది. మరీ తక్కువ చెబితే ఇక్కడ అమ్మకుండానే ఉండొచ్చట. ఏది చెప్పమనే హక్కు నాకు లేదు. తెలిసి చెప్పండి, అంతే."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "అంటే మేమెంత ఏడుస్తామో చూసి రేటు కడతారా?"

ఆమె అవునని తలూపింది.

ఆవిడ పిల్ల వైపు చూసింది. లేచి వెళ్లి దాని వీపు వెనక దిండు సరిచేసింది. "నాకు భయంగా ఉందమ్మా," అంది. "ఏం చెప్పినా పిల్లకి చెడే చేస్తానేమో అని. అయినా సరే రాయి. వాళ్లకెంత పడిందో ముందు వాళ్లు చెప్పాలి. అప్పుడు నేనెంత ఇవ్వగలనో చెబుతా. మిషను మాత్రం అమ్మను. నెలనెలా మందు కొనాలంటే నేను కుట్టాలిగా."

ఫోన్లో చిట్టచివర, ఎవరూ వాడని 'ఇతర' అనే గడి ఉంది. ఆమె ఆ మాటల్ని అక్షరం మార్చకుండా అందులో ఎక్కించింది.

తర్వాతి ఇంట్లోనూ సంగతంతా చెప్పింది. ఆ పై ఇంట్లోనూ. ఒకావిడ తిట్టి తలుపేసుకుంది. ఒకావిడ "ఎంతైనా" అన్న మాటే మళ్లీ అంది, ఆమె అదే నొక్కింది. మిగతావాళ్లు మాత్రం తమ తమ మాటల్లో ఆ 'ఇతర' గడినే నింపారు. మధ్యాహ్నానికి, ఎక్కించినవన్నీ ఆఫీసులో చూసుకున్న సూపర్‌వైజర్ నుంచి ఫోన్.

"ఏంటి మేడమ్, వీధి వీధంతా కంపెనీ ఖర్చెంతని ఎదురడుగుతోంది? ఏం చెప్పారు మీరు వాళ్లకి?"

"ఎవరు అడుగుతున్నారో చెప్పాను సర్."

అవతల నిట్టూర్పు. "రేపొచ్చి ఫోనూ, గుర్తింపు కార్డూ అప్పగించండి."

కాళ్లు పీకుతున్నాయి. కుర్చీ లాగి కూర్చోమనే ఇళ్లు రేపటి నుంచి ఉండవు. ఇంట్లో ఏమంటారో కూడా తెలుసు.

"రేపు కదా సర్, అలాగే," అని, ఆమె పక్కింటి తలుపు తట్టింది.