తిట్టే, తిట్టిన

తిట్టిన అని రాసి ఉంటే సంతకం పెట్టేవాడే. తిట్టిన మాట నిజం. సోమవారం పొద్దున మన్నెగూడలో పరుగెత్తుకొచ్చి బస్సెక్కిన ఉద్యోగి ఒకడు "చదువులేనోళ్లతో ఇదే బాధ" అన్నప్పుడు దేవేందర్ నోట ఒక బూతు మాట వచ్చింది. వచ్చిందా, తానే అన్నాడా? అన్నాడు. అన్నాక కలిగిన తృప్తి కూడా గుర్తుంది. కానీ ఈ క్షమాపణ కాగితంలో ఉన్నది ఆ సోమవారం కాదు.

'ప్రయాణికులను తిట్టే డ్రైవర్‌నైన నేను...'

తిట్టే. వ్యాకరణంలో దీన్ని తద్ధర్మార్థకం అంటారు. తెలుగు పండిత శిక్షణలో చదువుకున్నాడు. బడిలో ఉద్యోగం రాక ఆరేళ్లుగా ఆదిభట్లకు కంపెనీ బస్సు నడుపుతున్నాడు. 'తిట్టిన' అంటే ఒకసారి జరిగిపోయిన పని. తద్ధర్మార్థకానికి నిన్నా రేపూ లేవు. అది పనిని స్వభావంగా మార్చి మనిషికి అంటిస్తుంది. కరిచే కుక్క అనిపించుకోవడానికి అది ఈరోజు ఎవరినీ కరవనక్కరలేదు. పళ్లబిగువున మాటలు పడ్డ ఆరేళ్లనూ ఆ ఒక్క 'ట్టే' మింగేసింది.

"ఏంది తమ్మీ, కాగితం గట్ల సూస్తవ్?" అన్నాడు సూపర్‌వైజర్ ఎల్లేశ్. ఇబ్రహీంపట్నం ట్రావెల్స్ ఆఫీసులో వాళ్లిద్దరే ఉన్నారు. "సంతకం కొట్టు, రేపే బండెక్కు."

"తిట్టే అని ఎందుకు రాసిన్రన్నా? తిట్టిన అని రాయాలె."

"రెండూ ఒక్కటే గద!"

"మొన్న వదిన కూర మాడగొట్టిందంటివి. కూర మాడగొట్టే మనిషి అని రాసిస్తవా?"

"రాస్తే నాకు బువ్వ పెట్టదు." ఎల్లేశ్ నవ్వాడు. వెంటనే విసుక్కున్నాడు. "గీ పంతులుగిరి నాకాడ జూపకు. సారు ఇంకోపారి టైపు చేయించడు. నువ్వు పెట్టకుంటే బండి కిష్టాకిస్తడు."

దేవేందర్‌కు ఒళ్లు మండింది. బండి పోతుందన్న భయం ఒక పక్క ఉంది. దానికంటే నీచమైన సంగతి ఇంకొకటి: ఈ కాగితం చదివినప్పటి నుంచి అతను తనకు వ్యతిరేకంగా సాక్ష్యాలు వెతుక్కుంటున్నాడు. భార్య భవానిని ఎన్నిసార్లు కసిరాడు? ఆటోవాళ్ల మీద ఎన్నిసార్లు అరిచాడు? ఎవడో టైపు చేసిన మాట అతని లోపలికొచ్చి జ్ఞాపకాలన్నిటినీ సోదా చేస్తోంది. ఒక్క పొద్దుటి మాట పట్టుకుని తన బతుకంతటికీ పేరు పెట్టే హక్కు వాళ్లకు ఎవరిచ్చారు? పైగా దాని కింద తన చేత్తోనే సంతకమా?

ఎల్లేశ్ జేబులోని పెన్ను లాక్కుని, 'తిట్టే' మీద అడ్డంగా గీత కొట్టి, పైన 'తిట్టిన' అని రాశాడు.