జవాబు చెప్పే పెట్టె

నేను ఒక పాత టేపురికార్డర్ని. పుట్టింది జపానులో, ముసలిదాన్నయింది యానాంలో. నన్ను పారిసు నుంచి తెచ్చినాయన సెలవులు ముగిసేదాకా సినిమా పాటలు పెట్టి వీధి వీధంతటికీ వినిపించాడు. మరుసటేడు ఇంకా మెరిసేదాన్ని తెచ్చుకుని నన్ను లచ్చన్న మేస్టారికిచ్చేశాడు. మనుషులు విసుగొచ్చిన వస్తువునే దానం చేస్తారు. నాకేం కోపం లేదు. కోపానికైనా ఓపిక ఉండాలి కదా.

మేస్టారు తన ఇంటి ముందుగదిలో పిల్లలకు ఫ్రెంచి చెప్పేవారు. తాను ఏకవచనం అంటే, పిల్లలంతా కలిసి బహువచనం అందుకోవాలి. "లె షెవాల్" అంటే ఒక గుర్రం. "లే షెవో" అని గుర్రాలన్నీ పైకప్పు ఎగరగొట్టేవి. "లె బతో" అంటే పడవ, "లే బతో" అంటే పడవలు. వంటింట్లోంచి ఆయన భార్య వరహాలమ్మగారు, "ఆ గుర్రాల్ని కాస్త మెల్లిగా తోలండీ, తల బద్దలైపోతంది" అనేవారు. ఒక సంవత్సరం పిల్లలు మహా బాగా పలుకుతున్నారని మేస్టారు మురిసిపోయి, వాళ్ల జవాబుల్ని నాలో పట్టేశారు. మధ్యమధ్య తన వంతుకు ఖాళీ వదిలారు.

తర్వాత్తర్వాత గది పలచబడింది. చివరికి మిగిలింది జాలరిపేట పిల్ల నూకరత్నం ఒక్కతే. పుదుచ్చేరి కాలేజీలో సీటు రావాలంటే పరీక్ష పెట్టేవాళ్ల ముందు ఫ్రెంచిలో నోటితో జవాబు చెప్పాలి. రాయమంటే ఒక్క తప్పూ రాదు గానీ, ఆ పిల్లకు నోరు పెగలదు.

"ఒక్కదాన్నే అరవాలంటే సిగ్గేత్తందండి, మేస్టారూ!"

ఆయన నా మీట నొక్కారు. నాలోని పిల్లలు అరిచారు. వాళ్ల చాటున ఆ పిల్ల గొంతు కలిపింది. ఇక రోజూ అదే వరస. ఎంత అలిసిపోయానో ఎవరితో చెప్పుకోను? ఆ అరిచినవాళ్లకు ఈపాటికి జుట్టు నెరిసి ఉంటుంది. వాళ్ల లేతగొంతుల్ని నేనింకా మోస్తూనే ఉన్నాను.

పరీక్షకు ముందురోజు నా బెల్టు తెగింది. టేపంతా చిక్కుపడి బయటికొచ్చింది. మేస్టారు "లె షెవాల్" అని ఆగిపోయారు. ఆయన ముఖం పాలిపోయింది. నూకరత్నం నావైపు చూసింది, ఆయనవైపు చూసింది, కళ్లు గట్టిగా మూసుకుంది.

"లే షెవో!"

వీధిలో కుక్క ఉలిక్కిపడి మొరిగింది.

సీటొచ్చింది. ఆ పిల్ల మేస్టారి కాళ్లకు దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ గదికి ఎవరూ రాలేదు. పాఠం ఫలించినందుకు గది ఖాళీ అయింది, మనుషుల విజయాలు ఇలాగే ఉంటాయి కాబోలు. బల్లలు పెరట్లోకి వెళ్లాయి, నేను బీరువా ఎక్కాను. నన్ను బాగుచేయించలేదు. నాకు హాయిగానే ఉంది గానీ, గుమ్మంకేసి చూస్తూ కూర్చునే మేస్టారిని చూస్తే జాలేసేది.

మొన్న పొద్దున్న అలవాటు చావక ఆయన "లె బతో" అన్నారు. అని, జవాబు కోసం ఆగారు. పలుకుదామంటే నాకు గొంతేదీ?

"లే బతో" అని వంటింట్లోంచి వినిపించింది.

ఆవిడకు ఎవరూ నేర్పలేదు. వరహాలమ్మగారు కాఫీ గ్లాసు తెచ్చి, నోరు తెరిచి చూస్తున్న ఆయన చేతిలో పెట్టారు.

"అలా చూత్తారేటండీ? తర్వాతది అడగండి. పొయ్యి మీద పాలున్నాయి."