బరువు మోపాల్సిన కాలు

అద్దాలు కోసేవాడికి విరిగినదేదీ మళ్లీ అతుక్కోదు. ఏళ్ల తరబడి ఆయన చూసింది అదే. అందుకే భార్య మోకాలి కింద విరిగిన ఎముకలో వేలెడు ఖాళీ ఉండిపోయిందనీ, అది పూడకపోతే కాలు తీసెయ్యాల్సిందేననీ డాక్టరమ్మ చెప్పినప్పుడు ఆయనకు కాళ్లకింద నేల కదిలినట్టయింది.

ఆపరేషన్ చేసి, ఎముకలో స్టీలు కడ్డీ వేసి, ఆ ఖాళీలో స్పాంజిలాంటి మెత్తటి ముక్క పెట్టారు.

"ఇందులో ఎముకను పెంచే మందుందండీ. ఒళ్లంతా పాకదు. అక్కడే ఉండి కొద్దికొద్దిగా ఊరుతుంది, చుట్టూ ఉన్న కణాల్ని పిలిచి ఎముక కట్టిస్తుంది," అంది డాక్టరమ్మ. "కడ్డీ ఉందిగా, భయం లేదు. రోజూ కాస్త కాస్త బరువు మోపించండి."

మందు మాట ఆయన మనసులో తిష్ఠ వేసింది. బరువు మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు.

కొట్లో కూర్చుంటే ఆయనకు పట్టపగలే కలలొచ్చేవి. అద్దాల మీద పడిన ఎండ గోడంతా లేత పచ్చగా పరుచుకునేది. ఆ వెలుగులో, భార్య కాలి లోపల, సన్నటి తెల్లటి పోగులు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు సాగేవి. పోగు మీద పోగు పడి వంతెన తయారవుతుండగా ఎవరో ఒకరు వచ్చి కిటికీ అద్దం కావాలనేవారు. అలా పరధ్యానంలో కొలత తప్పి కోసి తిట్లు కూడా తిన్నాడు.

ఇంట్లో మాత్రం ఆవిణ్ణి కాలు కింద పెట్టనిచ్చేవాడు కాదు. నిలువెత్తు అద్దాన్ని మోసినట్టే మోసేవాడు. గుమ్మం దగ్గర పక్కకు తిరిగి, అంచు దేనికీ తగలకుండా, మడిచిన దుప్పటి మీద మెల్లగా దించేవాడు. తన మొండితనానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాడు పాపం.

"నన్నేమైనా షోకేసులో పెట్టారా? కాస్త నిలబడనివ్వండి," అనేది ఆవిడ.

"ఊరుకో. ఇప్పుడిప్పుడే అతుక్కుంటోంది."

తర్వాతి ఎక్స్‌రేలో నిజంగానే వంతెన కనిపించింది. ఆయన పొంగిపోయాడు. డాక్టరమ్మ మొహం మాత్రం ముడుచుకుంది.

"ఎముక పుట్టింది గానీ గట్టిపడలేదు. బరువు మోపించట్లేదా?"

"మళ్లీ విరుగుతుందేమోనని... నేనే ఎత్తుకుని తిప్పుతున్నానమ్మా."

"మందు ఎముకను పుట్టిస్తుంది, అంతే. దానికి పని చెప్పకపోతే పుట్టింది కూడా కరిగిపోతుంది. అప్పుడిక కాలు దక్కదు."

ఇన్నాళ్లూ ఆ కాలిని తినేస్తున్నది తన చేతులేనని తెలిసి ఆయనకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి రాగానే ఆవిణ్ణి గోడ పక్కన నిలబెట్టాడు.

"వదలండి," అంది ఆవిడ.

"వదిలేశా."

"ఎక్కడ వదిలారు?"

నిజమే, ఆయన వేళ్లు ఆవిడ నడుమును పట్టుకునే ఉన్నాయి. ఒక్కొక్కటే విడిపించుకున్నాడు. ఆవిడ గోడకు చెయ్యి ఆనించి, పళ్లు బిగించి, మెల్లగా ఆ కాలి మీదకు ఒరిగింది. ఆయన భయంతో కళ్లు మూసుకున్నాడు.

తెరిచేసరికి ఆవిడ చెమటలు కక్కుతూ అలాగే నిలబడి ఉంది.

"చేతులు వెనక్కి కట్టుకోండి," అంది.

కట్టుకున్నాడు. ఆవిడ ఒక అడుగు వేసింది, ఆయనకు అందనంత దూరంగా.