ఫ్యాన్ వెయ్యాలా, వద్దా

పెద్దకోడలు ఓవెన్ ముందు పీట వేసుకుని ఆరేళ్ళపాటు కేకులు మాడ్చింది. స్పాంజి కేకుకి పైనా కిందా వేడి చాలు, ఓవెన్లోని ఫ్యాన్ వేస్తే నెత్తిన పగులుతుంది. రెండు ట్రేల బిస్కెట్లకైతే ఫ్యాన్ ఉండాల్సిందే. నల్ల టిన్ను అడుగు త్వరగా మాడ్చేస్తుంది, తళతళలాడే అల్యూమినియం టిన్ను నిదానం. ఇవన్నీ ఎవరో చెబితే తెలిసినవి కావు.

చిన్నకోడలు కాపురానికొచ్చిన కొత్తలో "అక్కా, నాకూ నేర్పవా?" అంటూ వెనకాలే తిరిగింది. పెద్దకోడలు ఏదీ దాచుకోలేదు. పాత ఓవెన్ పాడైపోతే చిన్నకోడలు తన జీతంతో కొత్తది కొంది. మరుసటేడు ముందుగదిలో ఆదివారం క్లాసులు మొదలుపెట్టింది. మాటలన్నీ ఆమెవి. పిండి కొలవడం, టిన్నులు తోమడం పెద్దకోడలి వంతు. "ఇది మనిద్దరిదీ అక్కా" అనేది చిన్నకోడలు. ఆ మాటకే పెద్దకోడలు పొంగిపోయేది.

ఒక ఆదివారం, నర్సుగా పనిచేసే ఒకావిడ గాజుగిన్నెలో చేసిన కేకు పట్టుకొచ్చింది.

"అంచులు అట్టలా అయిపోయాయి, మధ్యలో పచ్చిగా ఉంది. ఎందుకండీ?"

చిన్నకోడలు నీళ్ళు నమిలింది. పెద్దకోడలు చేతులు తుడుచుకుంటూ అందుకుంది. "గాజు ఓ పట్టాన వేడెక్కదండీ, ఎక్కిందా ఇక దిగదు. ఓ పదిహేను డిగ్రీలు తగ్గించి ఇంకాసేపు ఉంచండి."

"ఎంత బాగా చెప్పారు! ఈవిడెవరండీ?"

"మా ఇంట్లో సాయం చేస్తుంటుందిలెండి" అంది చిన్నకోడలు నవ్వుతూనే.

పెద్దకోడలు టిన్నులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పై ఆదివారం పన్నెండుమంది వచ్చారు. స్పాంజి కేకు పాఠం. చిన్నకోడలు వంటింట్లోకొచ్చి గుసగుసలాడింది. "అక్కా, ఈ కొత్త టిన్ను నల్లది కదా. ఫ్యాన్ వెయ్యాలా, వద్దా?"

"నన్నడుగుతావేంటి? సాయానికుండే మనిషిని, నాకేం తెలుసు?"

చిన్నకోడలు మొహం గంటు పెట్టుకుని వెళ్ళి ఫ్యాన్ వేసింది. మాడు వాసన రాగానే పెద్దకోడలి కాళ్ళు వాటంతటవే రెండడుగులు ముందుకేశాయి. బలవంతాన ఆగింది. కేకు నెత్తి పగిలింది, అడుగు బొగ్గయింది. వచ్చినవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. పెద్దకోడలికి అనుకున్నంత సంతోషం కలగలేదు.

"ఒక్క ముక్క చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?" సాయంత్రం భర్త విరుచుకుపడ్డాడు. "అంత కడుపుమంటేమిటి నీకు?"

"నలుగురిలో నన్ను పనిమనిషిని చేసిందండీ."

"ఏదో నోరు జారుంటుంది. అంతమాత్రానికేనా?"



నెల తిరక్కుండా అన్నదమ్ములు వేరుపడ్డారు. ఓవెన్ కొన్నవాళ్ళతో వెళ్ళిపోయింది. పక్క వీధిలో క్లాసులు మళ్ళీ మొదలయ్యాయి. ఓసారి బజార్లో నర్సు కనబడి, గాజుగిన్నె పాఠం చిన్నావిడ ఇప్పుడు పొల్లు పోకుండా చెబుతోందని మెచ్చుకుంది.

"చెబుతుందండీ, తెలివైంది" అంది పెద్దకోడలు.

ఇంట్లో పదకొండు టిన్నులు మిగిలాయి. అన్నిటికంటే పెద్దదాంట్లో భర్త మేకులు పోసుకున్నాడు.